పండగ తేదీ తెలిసిన లెక్క

హైదరాబాద్‌లోని మణికొండ అపార్ట్‌మెంట్లలో చాలామంది చేసే ఒక పని పక్క ఫ్లాట్ వాళ్లకు కూడా తెలియదు: క్లౌడ్ డేటా వేర్‌హౌస్‌లో వ్యాపారాల లెక్కలు తేల్చడం. 2012లో అమెజాన్ రెడ్‌షిఫ్ట్ అనే ఇలాంటి వేర్‌హౌస్‌ను ప్రకటించాక సొంత సర్వర్లు కొనలేని కంపెనీలకూ ఈ సౌకర్యం అందింది. డేటాను రెడ్‌షిఫ్ట్ కాలమ్‌ల వారీగా దాస్తుంది. కోట్ల బిల్లుల మొత్తం అడిగితే ధర కాలమ్ ఒక్కటి చదివితే చాలు. ఇలాంటిదే అయిన గూగుల్ బిగ్‌క్వెరీలో మామూలుగా ఛార్జీ కూడా చదివిన డేటాను బట్టే. అందుకే పని తెలిసినవాళ్లు కావలసిన కాలమ్‌లే అడుగుతారు.

నాకు అసలైన గౌరవం కలిగేది మాత్రం లెక్క సరిచూసే చోట. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న వచ్చింది. అక్టోబరును అక్టోబరుతో పోలిస్తే బట్టల కొట్టు అమ్మకాలు అమాంతం పెరిగినట్టు కనిపిస్తాయి. అనుభవమున్న అనలిస్టు పండగ తేదీలకు విడిగా ఒక టేబుల్ పెట్టుకుంటారు, పండగ ముందు వారాలను పండగ ముందు వారాలతోనే పోలుస్తారు. రోజును యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ప్రకారం లెక్కిస్తే, తెల్లవారుజామున అయిదున్నరలోపు వచ్చిన మన ఆర్డర్లు ముందురోజు ఖాతాలో పడతాయి. అదీ సరిచేస్తారు. ఇవి చేయని డాష్‌బోర్డు ఎంత అందంగా ఉన్నా అబద్ధమే. మీ ఆఫీసులో ఎవరైనా "అంకె ఇంకోసారి సరిచూడాలి, ఒక పూట టైమివ్వండి" అంటే, తప్పకుండా ఇవ్వండి.