థామస్ ప్లాటరు ఆంగ్లదేశయాత్ర : ప్రమాణవిచారము

సాహిత్యచరిత్రమునకు సాధనములు రెండు తెగలు. గ్రంథములు, శాసనములు, గ్రంథకర్తలు తమ్ము గూర్చి చెప్పుకొనిన వాక్యములు ఒక తెగ. సాహిత్యముతో నెట్టి పనియు లేనివారు దేశసంచారము చేయుచు కన్నవియు విన్నవియు వ్రాసికొనిన విషయములు రెండవ తెగ. మొదటి తెగకు గౌరవ మెక్కువ. అయినను రెండవ తెగకు చెందిన యొక్క వాక్యము గొప్ప వివాదమును తీర్చిన సందర్భములు కలవు. అట్టివానిలో ముఖ్యమైనది థామస్ ప్లాటరను స్విస్ విద్యార్థి 1599లో ఇంగ్లండును చూడబోయి వ్రాసిన యాత్రావర్ణనము. షేక్స్పియరు రచించిన జూలియస్ సీజరు నాటకముయొక్క కాలనిర్ణయము దీనియందలి యొక వాక్యముపై నాధారపడియున్నది. ఆ వాక్య మెంత బరువు మోయగలదు? ఈ యాత్రికుని మాట ఎచ్చట నమ్మదగినది, ఎచ్చట కాదు? ఈ రెండు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ప్లాటరువంశము బాజెల్ నగరమున ప్రసిద్ధమైనది. గ్రంథకర్త తండ్రి పేరును థామస్ ప్లాటరే. ఆయన (1499–1582) బాల్యమున వాలే కొండలలో మేకలు కాచినవాడు. స్వయంకృషిచే విద్య నార్జించి, బాజెల్ నగరమున ముద్రాపకుడును పాఠశాలాధ్యక్షుడును అయ్యెను. 1536లో కాల్విను మతగ్రంథముయొక్క ప్రథమముద్రణము ఆయన భాగస్వామిగా నున్న ముద్రణాలయముననే జరిగెను. ఆయన జ్యేష్ఠపుత్రుడు ఫెలిక్సు (1536–1614) ఫ్రాన్సుదేశమందలి మోంపెలియే విద్యాపీఠమున వైద్యము చదివి గొప్ప వైద్యుడని పేరొందెను. మన యాత్రికుడు తండ్రి వార్ధకమున, ద్వితీయకళత్రమువలన 1574లో జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున తండ్రిని గోల్పోగా, తనకంటె ముప్పదియేడేండ్లు పెద్దవాడైన సవతియన్నయే పెంచి, తాను చదివిన మోంపెలియేకే 1595లో వైద్యవిద్యకై పంపెను. అచ్చట చదువుచు ఫ్రాన్సుదక్షిణభాగమును, స్పెయినులో బార్సిలోనా ప్రాంతమును చూచి, స్వదేశమునకు మరలుటకు ముందు 1599 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో ఇంగ్లండును సందర్శించెను. 1600లో బాజెల్ చేరి వైద్యపట్టము నందెను. తరువాత నచ్చటనే ఆచార్యుడై 1628లో గతించెను.

ఇంటికి వచ్చిన పిదప, 1604–05 ప్రాంతమున, తన దినచర్యలను సంస్కరించి ఈతడీ గ్రంథమును జర్మనుభాషలో వ్రాసెను. వ్రాతప్రతి బాజెల్ గ్రంథాలయమున చిరకాలము పడియుండెను. యాత్ర జరిగిన మున్నూరేండ్లకు, 1899లో, గుస్టాఫ్ బిన్సు పండితుడు నాటకశాలలకు సంబంధించిన భాగమును ప్రకటింపగా లోకమున కిది తెలిసినది. హాన్స్ హెహ్టు 1929లో ఇంగ్లండుయాత్రను పూర్తిగా ముద్రించెను. క్లేర్ విలియమ్సు 1937లో దానిని ఆంగ్లమున కనువదించెను. యాత్రాగ్రంథమంతయు 1968లో రూట్ కైజరు సంపాదకత్వమున వెలువడినది.

ఇక ప్రసిద్ధవాక్యమును విచారింతము. సెప్టెంబరు 21వ తేదీని మధ్యాహ్నభోజనానంతరము, ఇంచుమించు రెండుగంటలకు, తాను సహచరులతో నది దాటిపోయి, గడ్డికప్పుగల యింటిలో మొదటి చక్రవర్తియగు జూలియస్ సీజరు విషాదనాటకమును రమారమి పదునైదుగురు చక్కగా ప్రదర్శింపగా చూచితిననియు, నాటకాంతమున ఇద్దరు పురుషవేషములతోను ఇద్దరు స్త్రీవేషములతోను వారి యాచారము చొప్పున మనోహరముగా నృత్యము చేసిరనియు ప్లాటరు వ్రాసినాడు. కవిపేరు లేదు, నాటకశాల పేరును లేదు. నటులు పలికిన మాట యొక్కటియైనను లేదు.

ఇట్టి నిరాడంబరవాక్యమునుండి పండితులు తీసిన యర్థము పెద్దది. జూలియస్ సీజరు నాటకము 1623 నాటి సంపుటమునగాని ముద్రితము కాలేదు. 1598లో ఫ్రాన్సిస్ మియర్సు షేక్స్పియరు నాటకములను పేర్కొన్న పట్టికలో ఇది కానరాదు. ప్లాటరు చూచినది ఇదియే యైనచో, 1598కిని 1599 శరత్కాలమునకును నడుమ నాటకము పుట్టెనని తేలును. థేమ్సునదికి దక్షిణపుటొడ్డున గ్లోబు నాటకశాలను కట్టినదియు 1599లోనే. పూర్వపు నాటకశాలను 1598 డిసెంబరులో విప్పి, ఆ దూలములతోనే దీనిని నిర్మించిరి. దానికి గడ్డికప్పు ఉండెననుటకు వేరు సాక్ష్యము కలదు: 1613లో ప్రదర్శనసమయమున కప్పున కగ్నియంటుకొని ఆ శాల దగ్ధమైనది.

ఈ యనుమానము బలమైనదే కాని, దానియందలి యతుకులను మరువరాదు. గడ్డికప్పు గ్లోబునకే ప్రత్యేకలక్షణము కాదు; సమీపమందలి రోజు నాటకశాలకును గడ్డికప్పు ఉండెనని 1989 నాటి త్రవ్వకములు తెలిపినవి. అయితే రోజు నాటకశాలాధిపతియగు హెన్స్లో ఉంచిన లెక్కలపుస్తకమున 1599లో సీజరు నాటకము ప్రసక్తి లేదు. కావున గ్లోబు పక్షమే బలపడును. పదునైదుగురను సంఖ్యయు చర్చనీయమే. షేక్స్పియరు నాటకమున పాత్రలు నలువదికి దగ్గరగా నున్నవి. ప్లాటరు లెక్కించినది పాత్రలను కాక నటులనని గ్రహించినచో విరోధముండదు. ఒక నటుడు పెక్కు పాత్రలను ధరించుట ఆ కాలపు వాడుక. తేదీవిషయమున మరియొక జాగ్రత్త కావలయును. 1582 మొదలు ఐరోపాఖండమున రెండు పంచాంగములు వ్యవహారమున నుండెను. వానికి పదిదినముల భేదము. ఇంగ్లండు 1752 వరకును పాతపంచాంగమునే పాటించెను. పరదేశి వ్రాసిన 21వ తేదీ లండనువాసులకు 21 కావచ్చును, 11 కావచ్చును. సంవత్సరనిర్ణయమునకు దీనివలన బాధ లేదు. ఆ దినమున లండనులో జరిగిన వేరొక సంఘటనతో ముడిపెట్టునపుడు మాత్రము ఈ భేదమును మరచుట తప్పు.

ప్లాటరు చూచిన రెండవ నాటకమునకు విమర్శకు లీయవలసినంత శ్రద్ధ ఈయలేదు. తాము బసచేసిన యింటికి సమీపమున, జ్ఞాపకమున్నంతవరకు బిషప్సుగేటు కడ, దానిని చూచితినని చెప్పినాడు. అందు ఒక కన్యకై పెక్కు దేశములవారు ఆంగ్లేయునితో పోరాడి యోడుదురు. జర్మనుడొక్కడు గెలిచి ఆమెను పొందును. పిమ్మట సేవకునితో కూడి త్రాగి మైమరచి నిద్రింపగా, ఆంగ్లేయుడు గుడారము ప్రవేశించి కన్యను హరించును. ఈ కథగల నాటకము మనకు లభింపలేదు. ఒక నష్టనాటకముయొక్క రూపరేఖ ఈ పరదేశిచేతనే నిలిచినది. ఇచ్చట గమనింపవలసినది ‘జ్ఞాపకమున్నంతవరకు’ అను భావమును ఆతడు చేర్చుట. స్థలమును గూర్చి సందేహ మున్నచోట సందేహమును దాచలేదు. మొదటి వాక్యమున నట్టి సంశయసూచన లేకపోవుట దాని ప్రామాణ్యమును హెచ్చించుచున్నది.

ప్రదర్శనవ్యవహారమును గూర్చి ఈతడు చెప్పినది మరింత విలువైనది. క్రింద నిలుచుండి చూచువారొక పెన్నీ ఈయవలయును. కూర్చుండగోరువారు మరియొక పెన్నీ ఇచ్చి వేరొక ద్వారమున పోవుదురు. దిండ్లుగల ఉత్తమాసనము కావలసినవారు మూడవ పెన్నీ ఇత్తురు. తినుబండారములను పానీయములను ప్రేక్షకుల నడుమ త్రిప్పి అమ్ముదురు. నటుల వస్త్రములు మిక్కిలి వెలగలవి. ప్రభువులు మరణకాలమున తమ దుస్తులను సేవకులకు వ్రాసియిత్తురనియు, వానిని ధరించుట తమకు తగదు కావున సేవకులు స్వల్పమైన వెలకు నటుల కమ్ముదురనియు ఈతడు కారణము చెప్పినాడు. కవులును నటులును ఇట్టి విషయములు వ్రాయరు, వారికవి నిత్యపరిచితములు. నాటకశాల లోపలిరూపమును చూపు సమకాలికచిత్ర మొక్కటే మిగిలియున్నది. దానికి మూలము 1596 ప్రాంతమున లండనునకు వచ్చిన యోహానెస్ డి విట్టు అను డచ్చివాడు గీచినది. ఆతని మిత్రుడు తీసికొనిన ప్రతి యూట్రెక్టులో దొరకి 1888లో ప్రకటింపబడినది. అదియు విదేశీయుని దానమే.

అయినను ప్లాటరు చెప్పినదెల్ల ప్రమాణము కాదు. నాన్సచ్ రాజభవనమున ఎలిజబెత్తు రాణిని చూచి, ఆమె ధరించిన తెల్లని పట్టువస్త్రమును, బంగారుపనిని సూక్ష్మముగా వర్ణించినాడు. ఆ వెంటనే ఆమెకు డెబ్బదినాలుగేండ్లనియు, చూపునకు ఇరువదియేండ్లకు మించినట్లు లేదనియు వ్రాసినాడు. ఆమె 1533లో జన్మించినది, అప్పటికి అరువదియారేండ్లు. అంతకుముందటి యేడు, 1598లో, పౌల్ హెంట్స్నరు అను జర్మనుడు ఆమెను గ్రీనిచ్‌లో చూచి, ముడుతలుపడిన ముఖమును నల్లబడిన దంతములను పేర్కొన్నాడు. వయస్సును సరిగా అరువదియైదనియే చెప్పినాడు. ప్లాటరు వినిన సంఖ్య తప్పు. చేసిన నిర్ణయము స్తోత్రప్రాయము. కాని లండను వంతెనమీద గుంజలకు గ్రుచ్చిన ద్రోహుల తలలను ముప్పదికి పైగా నిద్దరును లెక్కించిరి. హెంట్స్నరు గ్రంథము 1612లోగాని అచ్చు కాలేదు. కావున ప్లాటరు దానిని చూచి వ్రాసినాడనుటకు వీలు లేదు. రెండు సాక్ష్యములు స్వతంత్రముగా కలిసినచోట నమ్మకము కుదురును.

మన తార్కికుల పరిభాషలో, ఈ గ్రంథమున ప్రత్యక్ష, అనుమాన, శబ్దములు మూడును కలగలసియున్నవి. వెలలు, వేషములు, నృత్యములు ప్రత్యక్షములు. పొగత్రాగిన యొకని నరములు మరణానంతరము పొగగొట్టమువలె మసిబారియుండెనట యనునది శబ్దము. వైద్యవిద్యార్థి యయ్యును దానిని వినినట్లుగనే వ్రాసి ఊరకున్నాడు. ఇక అనుమానమున ఈతని బలహీనత స్పష్టము. ఆంగ్లేయులు దేశాటన మంతగా చేయరనియు, పరదేశవిషయములను నాటకశాలలలోనే నేర్చుకొని ఇంట సుఖింతురనియు సిద్ధాంతీకరించినాడు. ఆ సెప్టెంబరు మాసముననే, లండను పంచాంగమున 22వ తేదీని, నూరుగురికి పైబడిన వర్తకులు తూర్పిండియాయాత్రకై ముప్పదివేల పౌనులకు మించిన చందాపత్రముపై వ్రాళ్లు చేసిరి. 1600 డిసెంబరు 31న వారి సంఘమునకు రాజశాసనము లభించెను. 1611లో ఆ కంపెనీవారి ఓడ మచిలీపట్టణము చేరినది. దాని పేరును గ్లోబే యగుట కేవలము యాదృచ్ఛికము. ఊరిలోనున్న యాత్రికుని సిద్ధాంతమును ఆ యూరివారి చందాపత్రమే ఖండించినది.

వాల్టర్ కోప్ అను శ్రీమంతుని యింటిలోని వింతవస్తువుల పట్టికయు నిట్టిదే. చీనా పింగాణి, ఈకలతో కూర్చిన మేరీమాత ప్రతిమ, ఒక స్త్రీ నుదుట మొలచెనన్న కొమ్ము, కప్పునకు వ్రేలాడదీసిన సన్నని ‘ఇండియను’ పడవ అందున్నవి. ఆ కాలమున నీ విశేషణము తూర్పు పడమర ఇండియాల రెంటికిని చెల్లెను. పేరును చూచి ఆ పడవను మన రేవులకు తెచ్చికొనుట పొరపాటు.

రచనాశిల్పమున ఈ గ్రంథము సామాన్యము. మేకలు కాచిన తండ్రి వ్రాసికొనిన యాత్మకథయందలి ప్రాణము కొడుకు పట్టికలలో లేదు. ఒక్క సంగతినైనను మనసు నాటునట్లు చెప్పవలెనను తపన ఈతనికి లేదు. ఈ లోపమే చరిత్రకారునకు మేలైనది. సీజరు నాటకముయొక్క గొప్పతన మెరిగినవాడైనచో దానిని గూర్చి పొగడ్త వ్రాసియుండును. గడ్డికప్పును, పదునైదుగురిని వదలియుండును.

ఈ విచారము మన వాఙ్మయపరిశోధనకును పనికివచ్చును. విజయనగరమును చూచిన పేసు, నూనిజులు శ్రీకృష్ణదేవరాయలను గూర్చి విస్తరించి వ్రాసిరి. అల్లసాని పెద్దన పేరు వారి రచనలలో లేదు. ఆ మౌనమును బట్టి కవికి ప్రసిద్ధి లేదనుట యెట్టిదో, ప్లాటరు చెప్పలేదు గనుక షేక్స్పియరు అనామకుడనుట యట్టిదే. విదేశీయుల మౌనము ప్రమాణము కాదు. వారి సామాన్యాభిప్రాయములు దుర్బలప్రమాణములు. వారు కన్నులార చూచి లెక్కించిన విశేషములు మాత్రము ఇతరసాధనములతో సరిచూచి గ్రహింపదగినవి. పేసు వర్ణించిన మహానవమి యుత్సవములందలి నృత్యములను, మల్లయుద్ధములను, ఆభరణములను ఈ దృష్టితో మరల చదివి, తత్కాలపు ఆంధ్రప్రబంధములందలి వర్ణనలతో పోల్చినచో, కవిసమయమేదియో కన్నదేదియో వేరుచేయుటకు వీలగును. ఆ పనికి పూనుకొను పరిశోధకులు మొదట యాత్రికుల వాక్యములను చూచినవి, వినినవి, ఊహించినవి అని మూడు పట్టికలుగా విభజించుకొనవలయును.