చేపలు తేలిన చెరువులో గేదె నీళ్ళు తాగవచ్చా?

చెరువులో చేపలు చచ్చి తేలినంత మాత్రాన ఆ నీళ్ళు పశువులకు విషమని చెప్పడానికి లేదు, కాదని చెప్పడానికీ లేదు. చేప ఎందుకు చనిపోయిందో తేలితేనే గేదెను ఆ గట్టు దింపవచ్చో లేదో తేలుతుంది. కృత్తివెన్ను మండలంలో ఈ ప్రశ్న తప్పించుకోలేనిది. కృష్ణా డెల్టా కాలువలకు ఇది శివారు. ఒక పక్క సముద్రం, మరో పక్క కొల్లేటి నీటిని సముద్రంలో కలిపే ఉప్పుటేరు. ఎన్నో వరి చేలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారిపోయాయి. కాలువలు కట్టేశాక వేసవిలో పశువుకు దగ్గర్లో కనబడేది చెరువు నీరు, లేదా చెరువుల వాళ్ళు నీళ్ళు వదిలే డ్రెయిన్. పాడి గేదె ఎండాకాలంలో రోజుకు 50 నుంచి 80 లీటర్ల దాకా తాగుతుంది. దానికి చెమట గ్రంథులు తక్కువ, నీళ్ళలో పడుకుంటే తప్ప ఒళ్ళు చల్లబడదు. అంటే ఆ నీటిని తాగడమే కాదు, అందులో మునిగి తేలుతుంది కూడా.

చేపలు మూకుమ్మడిగా పోవడానికి అన్నిటికంటే మామూలు కారణం ఆక్సిజన్ పడిపోవడం. పగలు నీటిలోని పచ్చని ప్లవకాలు ఎండ సాయంతో ఆక్సిజన్ తయారుచేస్తాయి. రాత్రి అవే ప్లవకాలు, చేపలు, అడుగు బురదలోని బ్యాక్టీరియా కలిసి దాన్ని వాడేస్తాయి. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే శీలావతికీ బొచ్చెకూ ఇబ్బంది లేదు. 3కి తగ్గితే మేత ముట్టవు, 1 దగ్గరికి వస్తే బతకడం కష్టం. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ఇమిడే ఆక్సిజనే తగ్గిపోతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో 8 మిల్లీగ్రాముల పైచిలుకు పడితే, 32 డిగ్రీల దగ్గర 7 పైచిలుకే పడుతుంది. రెండు మూడు రోజులు మబ్బు పట్టి, గాలి స్తంభించి, తవుడూ చెక్కా మాత్రం ఎప్పటిలాగే వేస్తూ పోయిన చెరువులో నాలుగో రోజు తెల్లవారితే ప్రమాదమే. ఎండల మధ్య ఒక్కసారిగా జడివాన పడినా అంతే. చల్లబడిన పై నీరు కిందికి దిగి అడుగు నీటిని పైకి తోస్తుంది, కుళ్ళిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ కూడా దానితో పైకొస్తుంది.

ఈ చావును గుర్తుపట్టవచ్చు. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతాయి, ఏరేటరు చుట్టూ మూగుతాయి. పై పొరలో తిరిగే బొచ్చె ముందు తేలుతుంది. పెద్ద చేప ముందు పోతుంది, పిల్ల చేప కొంత తట్టుకుంటుంది. గాలి పీల్చుకోగల కొరమీను, మార్పు చేపలు అదే చెరువులో నిక్షేపంగా ఉంటాయి. ఇలా చేపలు పోయిన నీళ్ళు పశువుకు విషం కావు. గేదె ఊపిరి పీల్చేది గాలి నుంచి, దానికి నీటిలో ఆక్సిజన్‌తో పనిలేదు. అయితే చచ్చిన చేపల్ని వెంటనే తీసేయాలి.

పిల్ల చేపలు ముందు పోయి, కొరమీనుతో సహా పోతే మాత్రం సంగతి వేరు. మిట్టమధ్యాహ్నం చేపలు గిరగిరా తిరిగి, ఎగిరిపడి చనిపోయినా, గట్టు వెంట పీతలు, నత్తలు, నీటి పురుగులు కూడా చచ్చి ఉన్నా విషాన్నే అనుమానించాలి. ఆంధ్ర చేపల చెరువుల్లో పేను బెడద పాతదే. దానికి సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి పురుగుమందులు వాడుతున్నారు. ఇవి పశువుకు తక్కువ విషం, చేపకు, అంతకంటే రొయ్యకు చాలా ఎక్కువ విషం. మోతాదు కాస్త మించితే చేపలు పోతాయి. ఆర్గానోఫాస్ఫరస్ మందులు చేపనూ పశువునూ కూడా చంపగలవు. వాటిలో డైక్లోర్వాస్‌ను 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో నిషేధించారు. ఆ విషం ఎక్కిన గేదె చొంగ కారుస్తుంది, కళ్ళ నీళ్ళు పెడుతుంది, కంటిపాప చిన్నదైపోతుంది, కండరాలు అదురుతాయి, ఊపిరి ఆడదు. వేళకు పశువైద్యుడు అట్రోపిన్ ఇస్తే బతికే అవకాశముంది. గట్టు మీద యూరియా నానబెట్టిన డ్రమ్ము కూడా ఇలాంటి ప్రమాదమే. దాహంతో వచ్చిన పశువు అందులో మూతి పెడితే గంటల్లో చనిపోవచ్చు.

ఇక్కడ ఒక అన్యాయం ఉంది. నీటిలో ఏం కలిపారో తెలిసింది చెరువు లీజుకు తీసుకున్నవారికి. గేదె చాలాసార్లు పక్కనున్న కూలి కుటుంబానిది. మందు చల్లిన రోజున ఆ కబురు చెప్పడానికి ఖర్చేమీ లేదు. చెప్పకపోతే ఆ ఇంటి జీవనాధారం పోతుంది. ఆ నీటిని రాత్రికి రాత్రి డ్రెయిన్‌లోకి వదిలితే కింది ఊరి పశువులకూ అదే గతి.

పశువు దృష్టితో చూస్తే అన్నిటికంటే భయపడాల్సింది నీలి ఆకుపచ్చ నాచుకు. కోళ్ళ ఎరువు, మేత ఎక్కువై నీరు బలిసిన చెరువుల్లో, ఎండలు ముదిరి గాలి లేనప్పుడు ఇది పుడుతుంది. గాలివాటున ఒక మూలకు కొట్టుకొచ్చి, ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు నీటి మీద పేరుకుంటుంది. పుల్ల ముంచి తీస్తే పోగులు పోగులుగా వేలాడేది మామూలు నాచు, పుల్లకు రంగులా అంటుకునేది అనుమానించాల్సింది. దీనిలో కొన్ని రకాల విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కొన్నిటిది నరాలను పట్టి నిమిషాల్లోనే చంపగలదు. ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సు దగ్గర ఈ నాచు నీళ్ళు తాగి గొర్రెలు, గుర్రాలు చనిపోయాయని జార్జ్ ఫ్రాన్సిస్ 1878లో 'నేచర్' పత్రికలో రాశాడు. 2020లో బోట్స్‌వానాలో మూడు వందలకు పైగా ఏనుగులు చనిపోతే, అక్కడి ప్రభుత్వం ఈ నాచు విషమే కారణమని ప్రకటించింది. మైలతుత్తంతో నాచును చంపితే ప్రమాదం తీరదు, ఇంకా పెరుగుతుంది. కణాలు పగిలి, లోపలున్న విషమంతా నీటిలో కలుస్తుంది. ఆ తర్వాత రెండు మూడు వారాలైనా పశువును దూరంగా ఉంచాలి.

ఉప్పు సంగతి తీర ప్రాంతానికి కొత్త కాదు. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెనకు దివిసీమ చెరువుల్లో సముద్రపు నీరు నిండింది. ఇప్పుడు అదే ఉప్పు రొయ్యల చెరువుల ద్వారా ఏటా చేరుతోంది. లీటరులో 3,000 మిల్లీగ్రాముల లోపు లవణాలుంటే పశువుకు పర్వాలేదు. 5,000 దాకా పెద్ద పశువు నెట్టుకొస్తుంది. 7,000 దాటితే చూడి గేదెకూ దూడకూ ముప్పు, 10,000 దాటితే ఏ పశువుకూ పెట్టకూడదు. రొయ్యల రైతు దగ్గరుండే సెలినిటీ మీటరులో ఒక పీపీటీ అంటే దాదాపు 1,000 మిల్లీగ్రాములు. కాబట్టి 10 పీపీటీ చూపించే చెరువు నీరు పశువుకు పనికిరాదు.

చచ్చిన చేపల్ని గట్టు మీద పోసి వదిలేయకూడదు. కుళ్ళిన కళేబరాల్లో బోటులిజం విషం పుట్టవచ్చు. వాటిలో పుట్టే పురుగుల్ని తిన్న బాతులు మెడ వాల్చేసి చనిపోతాయి. ఫాస్ఫరస్ కొరతతో ఎముకలు నమిలే అలవాటు పడ్డ గేదెకూ ఆ విషం తగలవచ్చు. నీటి వనరులకు దూరంగా లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి, కుక్కలు తవ్వలేనట్టు పూడ్చాలి. డ్రెయిన్‌లో పడేయకూడదు. చేపలు బాగున్న చెరువు అంచుల్లోనూ నత్తల ద్వారా వచ్చే కార్జపు జలగల వ్యాధి ఉండనే ఉంటుంది. గట్టు గడ్డి మేపేవారు నట్టల మందు వేళకు తాగించాలి.

కారణం తేలేదాకా చేపలు చనిపోయిన చెరువు నుంచి పశువును ఆపి, తొట్టిలో వేరే నీళ్ళు పెట్టడమే మార్గం. చేపలతో పాటు పశువూ పడిపోతే ఉచిత నంబరు 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవాలి. నాచు తెట్టె ఉన్న చోటు నుంచే శుభ్రమైన గాజు సీసాలో నీళ్ళు పట్టి, మంచులో పెట్టి ఉంచాలి. గట్టు మీద దొరికిన ఖాళీ మందు డబ్బాను లేబుల్ చెరగకుండా వైద్యుడి చేతికివ్వాలి. చేపలు ఏ వేళకు తేలాయో, వాటిలో ఏ రకాలు ముందు పోయాయో కూడా చెప్పాలి.