ఒక్క వైరూ కోయకుండా

ఆ మధ్య కారులో డ్యాష్‌క్యామ్ పెట్టించుకుందామని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. కెమెరాను అద్దానికి అంటించడం ఐదు నిమిషాల పని. దానికి కరెంటు ఇవ్వడానికి మాత్రం మేస్త్రి గంటన్నర తీసుకున్నారు. ఆ గంటన్నరా పక్కనే నిలబడి చూశాను. అంత శుభ్రమైన పని చూసి చాలా కాలమైంది.

"బండి ఆపేశాక కూడా కెమెరా నడవాలా అండీ?" అని ముందే అడిగారు. నడిస్తే మంచిదే కదా అన్నాను. లెక్క చెప్పారు. కెమెరా పావు ఆంపియరే లాగినా 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ 90 గంటల్లో సగానికి దిగిపోతుంది. నాలుగు రోజులు ఊరెళ్లి వస్తే బండి స్టార్ట్ అవుతుందన్న నమ్మకం ఉండదు. "తాళం తిప్పితేనే కరెంటొచ్చే చోటు చూద్దాం" అన్నారు.

స్టీరింగు కింద మూత తీస్తే ఫ్యూజుల పెట్టె. ఎరుపువి 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. ఎయిర్‌బ్యాగు, బ్రేకులు, ఇంజను కంప్యూటరు ఫ్యూజుల జోలికి ఆయన వెళ్లలేదు. ఫోను ఛార్జరు పెట్టుకునే సాకెట్టు ఫ్యూజు ఎంచుకున్నారు. అది పోయినా బండి ఆగదు. మీటరు నల్ల ముల్లు బాడీ ఇనుముకు ఆనించి, ఎర్ర ముల్లు ఫ్యూజు నెత్తిమీద కనిపించే చిన్న లోహపు చుక్కకు తాకించారు. తాళం తీసి ఉంటే సున్నా. తిప్పితే 12.4 వోల్టులు.

నాకు బాగా నచ్చిన ఘట్టం ఆ తర్వాతది. ఫ్యూజు ట్యాప్ అని వేలెడంత పరికరం ఉంటుంది. రెండు కాళ్లు, రెండు ఫ్యూజులు పట్టే గూళ్లు, పక్కనుంచి ఒక వైరు. పాత ఫ్యూజు పీకి ఆ చోట దీన్ని గుచ్చి, పాత ఫ్యూజును ఒక గూట్లో, కొత్తదాన్ని రెండో గూట్లో పెడతారు. ఎటు తిప్పి గుచ్చినా కెమెరా వెలుగుతుంది. అందుకే చాలామంది పట్టించుకోరు. ఈయన మాత్రం ఫ్యూజు పీకిన ఖాళీలో రెండు వైపులా మీటరు పెట్టి, కరెంటు ఏ వైపు నుంచి వస్తోందో చూశారు. రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉండే కాలు ఆ వైపే దిగాలట. తిరగబడితే కెమెరా లాగే కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే పోతుంది, ఆ భారం దానిమీద పడుతుంది. సరిగ్గా గుచ్చితే ఎవరి ఫ్యూజు వారిది.

కొత్త గూట్లో 2 ఆంపియర్లదే పెట్టారు. "ఫ్యూజు ఉన్నది వైరు కోసమండీ. సన్న వైరుకి 15 పెడితే ఫ్యూజు పోయేలోపు వైరు కాలిపోద్ది."

కొన్నేళ్ల క్రితం మరో ఊళ్లో ఒక షాపువాళ్లు నా పాత బండిలో స్టీరియో వైరు గీకి, కొత్త వైరు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి పంపేశారు. మే ఎండకు జిగురు కరిగి టేపు జారిపోయింది. జాయింటు బాడీకి తగిలి షార్టయింది. ఫ్యూజు పోయింది కాబట్టి సరిపోయింది.

ఇక్కడ కంపెనీ వైరు ఒక్కటీ తెగలేదు. బ్యాటరీ నెగటివ్ విప్పి కాసేపు ఆగాకే, కెమెరా దాకా వైరు లాగడానికి అద్దం పక్క స్తంభం ప్లాస్టిక్కు ఊడదీశారు. దాని వెనక ఎయిర్‌బ్యాగు మడతపెట్టి ఉంది. వైరు దాని ముందు నుంచి వెళ్తే, బ్యాగు విచ్చుకునేటప్పుడు అడ్డమవుతుంది. అందుకని వెనక నుంచి పోనిచ్చి, పాత వైర్ల కట్టకే గుడ్డ టేపుతో చుట్టారు, గతుకుల్లో టకటక కొట్టుకోకుండా. ఎర్త్ కోసం ఒక బోల్టు విప్పి, కింద రంగు గీకి, మెరిసే ఇనుము మీద రింగు లగ్గు బిగించారు. బిగించి, వైరు పట్టుకుని గట్టిగా లాగి చూశారు. కదల్లేదు.

చివర్లో ఫ్యూజుల పెట్టె మూత లోపల ఒక చీటీ అంటించారు: "కెమెరా, 2 ఆంపియర్లు, సాకెట్టు నుంచి". ఆ బండి రేపు ఎవరి చేతిలో పడ్డా వెతుక్కోనక్కర్లేదు. మీ కారులో ఎవరైనా ఏదైనా అదనంగా బిగించి ఉంటే, ఓసారి ఆ మూత తీయించి చూసుకోండి.