ముందు రిలే వదిలెయ్

శ్రీముఖలింగం గుడి దాటి వంశధార గట్టు వైపు నడిస్తే, పొలాల్లో నేలబావుల పక్కన మోటారు పెట్టెలు కనిపిస్తాయి. కొన్నిట్లో నేను చేసిన కంట్రోలర్ బోర్డులున్నాయి. తొలి బోర్డు బిగించిన ఏడాది, ఉభాల రోజుల్లో, తెల్లారకుండానే ఒక రైతు ఫోన్ చేశాడు. "ఆగితే ఆగింది గానీ, ఎందుకాగిందో సెప్పదేటి బాబూ?"

వెళ్లి చూస్తే వైండింగ్ కాలిపోయింది. తప్పు నా ప్రోగ్రాముదే. బోర్డులో చిన్న రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. ఫోన్‌కి మెసేజ్ పంపే టాస్క్ తన స్టాక్ దాటి పక్కదాని మెమరీని తొక్కేసింది. చిప్ దారి తప్పితే మళ్లీ మొదలెట్టే వాచ్‌డాగ్ రీసెట్ చేసింది. లేవగానే మళ్లీ అదే మెసేజ్, మళ్లీ పడింది. రాత్రంతా మోటారుకి కరెంటు కలిపే రిలే టకటకా కొట్టుకుంది. మోటారు మొదలైన ప్రతిసారీ మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అలా ఎంతసేపని ఓర్చుకుంటుంది!

సమయానికి ఆగడమంటే నాకు గుర్తొచ్చేది 2001 మార్చి 28న శ్రీహరికోటలో జీఎస్‌ఎల్‌వీ రాకెట్ తొలి ప్రయోగం. పక్కనున్న నాలుగు ద్రవ ఇంజన్లూ ముందు మండుతాయి. అవి సరిగ్గా ఉంటేనే నడిమి ఘన ఇంధనానికి నిప్పు. దాన్ని అంటించాక ఆర్పడం ఎవరి వల్లా కాదు. ఆ రోజు ఒక ఇంజన్‌కి చాలినంత తోపుడు బలం రాలేదని కంప్యూటర్ పసిగట్టి, రాకెట్ లేవడానికి సెకను ముందు అంతా ఆపేసింది. ఆ రాకెట్టే ఏప్రిల్ 18న ఎగిరింది. అలా ఆపడం నాకు ఎగరడం కన్నా గొప్పగా తోస్తుంది. గాల్లో ఉన్నప్పుడైతే లెక్క వేరు. 1996లో ఏరియాన్-5లో ఒక సంఖ్య దానికిచ్చిన చోటులో పట్టక దిశ చూసే కంప్యూటర్లు రెండూ తమంతట తామే ఆగిపోయాయి, రాకెట్ ముక్కలైంది.

మోటారుకి మాత్రం ఆగడమే క్షేమం. ఇప్పుడు కోలుకోలేని తప్పు జరిగితే నడిచే నా ఫేటల్ ఎర్రర్ హ్యాండ్లర్‌లో మొదటి వరుస రిలే వదలడమే. మెసేజ్ పంపదు, కొత్తగా మెమరీ అడగదు. చెడింది మెమరీయే అయితే దేన్ని నమ్మగలం? తర్వాత, రీసెట్‌కి చెరగని చోట ఎర్రర్ నంబరు రాస్తుంది. చిప్ పూర్తిగా చచ్చినా, ఒక రెసిస్టర్ రిలేని నడిపే తీగను సున్నాకి లాగి దాన్ని వదిలిస్తుంది.

ఆ రైతే మొన్న ఫోన్ చేశాడు: "ఎర్రలైటెలిగింది, మూడో నంబరు సూపిత్తంది." మళ్లీ మొదలెట్టే బటన్ మాత్రం ఆయన చేతికే వదిలాను. ఫుట్‌వాల్వు చూడ్డానికి బావిలోకి దిగిన మనిషి పైకొచ్చాడో లేదో బోర్డుకి తెలీదు.