నాట్యము పురుషునకు తగదా?

"నాట్యము మగవానికి తగదు" అను మాట మన ఇండ్లలో తరచుగా వినబడును. తాండవమాడు శివునకు మ్రొక్కెదము. కుమారుడు గజ్జె కట్టెదనన్న తల వంచుకొందుము. ఇది విచారింపదగిన విషయము.

కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతియగు జాయపసేనాని నృత్తరత్నావళిని రచించెను. కత్తి పట్టిన చేతికి నృత్తశాస్త్రము వ్రాయుట చిన్నతనము కాలేదు. కృష్ణాజిల్లా కూచిపూడిలో చిరకాలము మగవారే ఈ విద్య నేర్చిరి. భామాకలాపమున సత్యభామ వేషమును సయితము వారే ధరించిరి. ఆ వేషమున పేరెన్నికగన్న వేదాంతం సత్యనారాయణశర్మగారికి 1970లో పద్మశ్రీ లభించినది. తెరమీదుగా భామ జడ వ్రేలాడినంతనే సభ పులకించును. అట్టి సభికులే నర్తకునకు పిల్లనిచ్చుటకు వెనుదీయుదురు!

ఈ సంకోచమునకు మూలమేమి? స్త్రీవలె నడచుట, పలుకుట నీచమను తలంపే. ఆ తలంపులోపల స్త్రీయే తక్కువయను భావము దాగియున్నది. స్త్రీవిద్యను గూర్చి ఉపన్యసించు మనము దీనిని గుర్తింపకుండుట వింత.

మేమును నిర్దోషులము కాము. పాఠశాల వార్షికోత్సవమున నాట్యమాడగోరిన బాలుని ఒకప్పుడు వక్తృత్వపు పోటీకి మరలించితిమి. వాడు బహుమతి తెచ్చెను. గజ్జెలు మాత్రము మరల తేలేదు. అట్టి బాలుడు మరియొకడు వచ్చినచో అడ్డుపడము. మొదటి వరుసలో కూర్చుందుము.