పదము, పరమగీతము, పవిత్రగ్రంథము

ప్రపంచమతములను, వాని పవిత్రగ్రంథములను కళాశాలావిద్యార్థులకుఁ దొలిసారి పరిచయము సేయు పాఠక్రమములు సాధారణముగా నొక్క తెరువునే త్రొక్కుచుండును. ఒక్కొక్క మతమున కొక్కొక్క గ్రంథము నిర్ణయింపఁబడును. దానినుండి కొన్ని పుట లేర్పఱుపఁబడును. ఆ పుటల తాత్పర్యమే యా మతముయొక్క సారమని విద్యార్థి గ్రహించును. ఈ పద్ధతి సులభమే. కాని యొక గ్రంథమునకుఁ బవిత్రత యెక్కడనుండి కలిగినదను ప్రశ్న దీనియందుఁ బుట్టనే పుట్టదు. ఆ ప్రశ్నను విచారించుటకుఁ జిత్తూరుమండలములోని కార్వేటినగరము తగిన తావు.

ఈ విద్యకు రెండు దారులు ప్రసిద్ధములు. మాక్సుమూలరు సంకల్పించిన ప్రాచ్యపవిత్రగ్రంథమాల 1879 మొదలు 1910 వఱకు 50 సంపుటములుగా వెలువడెను. దానివలన లోకమునకుఁ గలిగిన యుపకారము గొప్పది. అయినను ఆ మాలయందు బైబిలు చేరలేదు. ద్రావిడభాషాగ్రంథ మొక్కటియుఁ జేరలేదు. ఆళ్వారుల పాశురములకుఁ గాని తెలుఁగు సంకీర్తనములకుఁ గాని యందుఁ జోటు లేదు. రెండవ దారి దివ్యజ్ఞానసమాజమువారిది. మతముల తులనాత్మకపఠనమును బ్రోత్సహించుట యా సమాజోద్దేశములలో నొకటి. 1915లో అనీబిసెంటు మదనపల్లెలోఁ గళాశాలను నెలకొల్పుటతోఁ జిత్తూరుమండలమున నా దృష్టికి విద్యాస్థానము లభించెను. సర్వమతములకు మూలసత్య మొక్కటియే యను నీ భావము పరమతద్వేషమును దగ్గించుననుట నిజము. కాని మొదటి దారి గ్రంథమును మాత్రమే చూచును. రెండవది సారమును మాత్రమే చూచును. గ్రంథమును నోటఁ బలుకువారి నీ రెండును జూడవు.

కార్వేటినగర సంస్థానమునఁ బదకర్తయై వెలసిన సారంగపాణి యచ్చటి వేణుగోపాలస్వామిపేరే ముద్రగాఁ బదములను రచించెను. వానిలో భక్తిని, నీతిని దెలుపునవి కొన్ని కలవు. శృంగారపదములు పెక్కు కలవు. ఆ పదములందలి నాయికలు గ్రంథభాషలోఁ గాక యిరుగుపొరుగు పలుకులతో, సామెతలతో, ఎత్తిపొడుపులతో మాటలాడుదురు. వేణుగోపాలుఁడను పేరు తొలఁగించినచో నా మాటలు మాట తప్పిన యే పురుషునిమీఁది నిష్ఠురమైనఁ గావచ్చును. ఆ పేరు నిలిచినచో నదే నిష్ఠురము గుడిలో నున్న స్వామికిఁ జేరును. స్వామి యూరిలోనివాఁడు, కావున నాయిక యూరిమాటతోనే యాతని నిలవేయును. పదమందలి వేదాంతమును మాటలను విదిలించి వెదకువారికి నది దొరకదు. ఆ చనువే దాని భక్తి.

ఈ విషయము పరమతగ్రంథపఠనమున నెట్లు తోడ్పడునో హీబ్రూ గ్రంథమగు పరమగీతమును జూచినచో విదితమగును. ఎనిమిది యధ్యాయముల యీ కృతి వధూవరుల వలపుపాట. దేవుని స్తోత్రము గాని, ధర్మవిధి గాని, ప్రవక్తల కథ గాని యిందుఁ గానరాదు. హీబ్రూలో దీనిపేరునకు 'గీతములలో గీత' మని శబ్దార్థము. అనఁగా గీతములలో నుత్తమమైనదని భావము. తెలుఁగు బైబిలులోని 'పరమ' శబ్ద మా యుత్తమత్వమునే చెప్పుచును, తెలుఁగుచెవికిఁ బరమార్థమును సైతము స్ఫురింపఁజేయును. పేరునందే వ్యాఖ్య మొదలైనదన్నమాట.

ఈ గీతము పవిత్రమా కాదా యని యూదుపండితులలోఁ బ్రాచీనకాలముననే వాదము జరిగెను. రెండవ శతాబ్దిలో గతించిన రబ్బీ అకీబా దీనిని బవిత్రములలోఁ గెల్లఁ బవిత్రమని నిలిపెను. దీనిని విందుశాలలో సామాన్యమైన పాటగాఁ బాడువారిని దూషించినవాఁడును ఆతఁడే యని యూదసంప్రదాయము. మాటలు రెండుచోట్ల నవియే. పాడుచోటు మాఱినంతనే పాట మాఱినది. పస్కాపండుగలో దీనిని జదువు యూదులకు నిది దేవునికిని ఇస్రాయేలునకును గల బంధము. పండ్రెండవ శతాబ్దిలో బెర్నార్డను క్రైస్తవసన్న్యాసి దీనిపై 86 ప్రసంగములు రచించియు మూఁడవ యధ్యాయపు టారంభమును దాఁటలేదు. ఆతనికి నిది జీవునికిని గ్రీస్తునకును గల ప్రేమ.

తిరుపతి పరిసరములవారికి నిది వింత గాదు. నమ్మాళ్వారు 1102 పాశురముల తిరువాయ్‌మొళిలోఁ బెక్కింట నాయికయై విలపించెను. నాథముని సంకలనము, కోవెలలలోని పారాయణము, ఆచార్యుల వ్యాఖ్యానములు ఆ విలాపమును ద్రావిడవేదముగా నిలిపినవి. ధనుర్మాసమునఁ దిరుమలలో సుప్రభాతమునకు మాఱుగా వినఁబడు తిరుప్పావై ముప్పది పాశురములును ఒక కన్యక పాడినవే.

అట్లైనచో బవిత్రత యంతయుఁ జదువరుల కల్పనయే కాని గ్రంథమున కేమియు లేదా యను నాక్షేపము పుట్టవచ్చును. అది సరికాదు. పెక్కు వలపుపాటలు పుట్టినచోటనే యణఁగిపోయినవి. పెద్ద యర్థమును మోయఁగల శక్తి కలవియే నిలిచినవి. ఆ శక్తి గ్రంథముది. దానిని గుర్తించి నిలుపుకొన్నది సమాజము. సారంగపాణి పదము లీ రెంటినడుమ నాఁగినవి. వానికి దైవము కలదు, పాట కలదు, అభినయము కలదు; కాని నియతపారాయణము లేదు, ఆచార్యవ్యాఖ్య లేదు. 1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీసమర్పణనిషేధశాసనము వచ్చెను. స్త్రీలకు జరిగిన యన్యాయమును దొలఁగించుట యుచితమే. కాని పదాభినయమును దరతరములుగాఁ గాపాడిన కుటుంబములనుండి యా విద్య చాలవఱకు జాఱిపోయెను. పదము పుటపైఁ బడిన యక్షరముగా మిగిలెను. అట్టి యక్షరమును మాత్రమే చూచి యశ్లీలమని కత్తిరించు సంపాదకుఁడును, కత్తిరింపక కేవలకామకవిత్వమని మెచ్చు విమర్శకుఁడును ఒక్క పొరపాటునే చేయుచున్నారు.

కావున మతగ్రంథముల తొలిపాఠములందు గ్రంథభాగముతోఁబాటు మూఁడు విషయములను జెప్పుట యవసరము: దీనిని బలుకువా రెవరు, ఏ సమయమున, ఎవరి నుద్దేశించి. ఖురాను 114 సూరాల తెలుఁగు తాత్పర్యమును జదివిన విద్యార్థికి, ఖురానను మాటకే పఠనమని యర్థమనియు, నమాజులోఁ బలుకఁబడునది యరబ్బీమూలమే యనియుఁ దెలియకున్నచో నాతఁడు సగమే చదివినవాఁడు. సగము చదివి సర్వము తెలిసినదనుకొన్నవాఁడు పొరుగువాని నడుగుట మానును. మతముల చదువువలనఁ గలుగఁగల కీడులలో నిదియే పెద్దది. కార్వేటినగరపు విద్యార్థి తన యూరిపదమును జక్కఁగా విన్నవాఁడైనచోఁ బరమగీతమును జూచి నవ్వఁడు. ఎవరు పాడుదురని యడుగును. ఆ యడుగుటను నేర్పుటయే తొలిపాఠము చేయవలసిన పని.