పద్దుకెక్కిన యజమాని

ఈ వారం మా మేనకోడలు రెండు కాగితాలు పట్టుకొచ్చింది. విజయవాడలో ఇంట్లోనే కూర్చుని ఒక జర్మన్ కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేయబోతోంది. ఆ కంపెనీకి మన దేశంలో ఆఫీసు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. అందుకని రెండు దారులు చూపించారు. మొదటిది కాంట్రాక్టర్ ఒప్పందం. నెలనెలా ఇన్‌వాయిస్ పంపితే యూరోల్లో డబ్బు వస్తుంది. రెండో దారిలో బెంగళూరులోని ఒక మధ్యవర్తి కంపెనీ ఆమెను తన ఉద్యోగిగా చేర్చుకుంటుంది. పని చెప్పేది జర్మన్లు. జీతం, పీఎఫ్, టీడీఎస్ చూసేది మధ్యవర్తి. దీన్ని ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్ పద్ధతి అంటున్నారు. చేతికొచ్చేది మాత్రం మొదటిదాంట్లోనే ఎక్కువ.

"ఏది తీసుకోమంటావు మామయ్యా?" అంది.

ఆ మధ్యవర్తి కంపెనీ ప్రకటన చూసి నాకు ఒళ్లు మండింది. ఏ దేశంలోనైనా నిమిషాల్లో ఉద్యోగిని పెట్టుకోవచ్చట! ఈ కాలమ్ చదివేవారికి నా పట్టుదల తెలుసు. ఏ దేశంలోనైనా జీతాల నిబంధన ఊరికే పుట్టలేదు. ఫిలిప్పీన్స్‌లో డిసెంబరు 24 లోపు పదమూడో నెల జీతం ఇవ్వాలి. ధరలు మండిపోతుంటే కనీస వేతనం ఏళ్లుగా కదలని రోజుల్లో, 1975లో వచ్చిన డిక్రీ అది. దుబాయ్, అబుదాబిల్లో 2009 నుంచి జీతం సర్కారు కంటపడేలా బ్యాంకు లేదా అనుమతి ఉన్న ఆర్థిక సంస్థ ద్వారానే పోవాలి. ఆ ఏర్పాటు ఎందుకు కావాల్సి వచ్చిందో గల్ఫ్ బాట పట్టిన కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఏ ఇంటి గడపలో అడిగినా చెబుతారు. మన దగ్గర ఏడో తేదీలోగా జీతం ఇవ్వాలన్న నియమం 1936 నాటి చట్టంతోనే వచ్చింది. ఇవన్నీ తెలుసుకోవడానికి నిమిషాలు చాలవు.

నా రెండో పట్టుదల మధ్యవర్తుల మీద. పని ఒకరిది, పేరు ఇంకొకరిది అయినచోట కూలివాడు నష్టపోతాడు. 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం తెచ్చింది అందుకే. కాబట్టి రెండో కాగితం చింపెయ్యమని చెప్పాలనే నోరు తెరిచాను. అంతలో బాలానగర్ గుర్తొచ్చింది.

నేను పని నేర్చుకున్నది అక్కడే, ఒక ఫ్యాక్టరీ జీతాల సెక్షన్‌లో. మస్టరు చూసి హాజరు వేయడం, ఓటీ గంటలు కూడడం, కోతలు రాయడం, కవర్లలో నోట్లు పెట్టి కిటికీ దగ్గర సంతకం తీసుకోవడం నా పని. మా హెడ్ క్లర్కు మాత్రం డబ్బు పంచిన రోజు కంటే మర్నాడే ఎక్కువ కష్టపడేవాడు. పీఎఫ్ కార్డులు ముందేసుకుని ఒక్కో పేరూ చదివేవాడు. తండ్రి పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా షాపు ఫ్లోరు నుంచి మనిషిని పిలిపించేవాడు.

లేత్ మీద పనిచేసే కుర్రాడొకడు ఉండేవాడు. చేరినప్పుడు నామినీగా అన్న పేరు రాశాడు. పెళ్లయ్యాక ఆ పాత నామినేషన్ చెల్లదన్నది రూలు. ఆ సంగతి కుర్రాడికి తెలియదు, నాకూ తెలియదు. హెడ్ క్లర్కు పెళ్లి శుభలేఖ అందిన రోజే కొత్త ఫారం తీసి పక్కన పెట్టాడు. కుర్రాడు తిరిగి డ్యూటీకి రాగానే భార్య పేరు రాయించి సంతకం పెట్టించాడు. "మనం ఇచ్చే జీతం వాడు తింటాడు, మనం రాసే రాత వాడి ఇల్లు తింటుంది" అనేవాడాయన. కొంతకాలానికే కుర్రాడు జబ్బుచేసి పోయాడు. ఇంట్లో తగువులు లేచాయి గానీ, పీఎఫ్ డబ్బు మీద ఎవరికీ మాట్లాడే సందు దొరకలేదు. ఆ అమ్మాయి చేతికే చేరింది.

ఆ కుర్రాడు యజమానిని ఒక్కసారైనా చూశాడా? లేదు. ఆయన బొంబాయిలో ఉండేవాడు. ఆ కుటుంబాన్ని కాపాడింది ఎదురుగా ఉన్న యజమాని కాదు, పద్దులో యజమానిగా పేరుండి చట్టానికి దొరికేవాడు. మధ్యవర్తుల మీద ఇన్నేళ్లు నేను పట్టుకు వేలాడిన మాటకు ఇదే జవాబు.

కాంట్రాక్టర్ ఒప్పందంలో అలా దొరికేవాడు లేడు. పీఎఫ్ లేదు. దానితో వచ్చే 7 లక్షల వరకూ బీమా లేదు. 26 వారాల ప్రసూతి సెలవు లేదు. గ్రాట్యుటీ మాటే రాదు. ఏదైనా తేడా వస్తే నోటీసు జర్మనీకి పంపాలి.

"రెండోదే తీసుకో" అన్నాను. అయితే మూడు సంగతులు చూసుకోమన్నాను. ఒకటి, నియామక పత్రంలో ఆ మధ్యవర్తే యజమాని అని స్పష్టంగా ఉండాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం ఆ పత్రం ఇచ్చి తీరాలి. గడువు పెట్టిన ఉద్యోగమైతే ఏడాది పనికే గ్రాట్యుటీ హక్కు వస్తుంది, ఆ గడువు కూడా రాయించుకోవాలి. రెండు, ప్రతి నెలా 15 దాటాక పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడాలి. స్లిప్పులో కోసిన డబ్బు ఖాతాలో పడిందో లేదో అక్కడే తెలుస్తుంది. మూడు, జర్మన్ కంపెనీ ఒప్పందం తెంచుకుంటే నోటీసు కాలం జీతం ఎవరిస్తారో ముందే రాయించుకోవాలి.

ఇక కంపెనీలకు ఒక మాట. తాము చెప్పిన వేళల్లో, తమ మేనేజరు కింద, తమ ఒక్కరికే ఏళ్ల తరబడి పనిచేసే మనిషిని కాంట్రాక్టర్ అని రాయడం అన్యాయం. ఆఫీసు పెట్టలేని దేశంలో మనిషిని పెట్టుకోవచ్చు. కానీ ఆ దేశపు చట్టం ముందు ఆ మనిషికి యజమానిగా నిలబడేవారి పేరు కూడా పెట్టాలి. దానికయ్యే ఖర్చు ఆ మనిషి జీతంలో భాగమే.